పడవ ఖాళీగా వచ్చింది

ఆఁ, నిన్న ఎక్కడ ఆపాం? ఏడుపు పుస్తకాల దగ్గర. పడుకోబోయే పిల్లకి, అందులోనూ చీమ చచ్చినా కళ్ళనీళ్ళు పెట్టుకునే పిల్లకి, చావులూ కన్నీళ్ళూ ఉన్న కథ చదవొచ్చా మాస్టారూ అని మీరు అడిగారు. నేను నోరు తెరిచేలోపు వాన దబదబా అందుకుంది. మీరు చెప్పులు చేత్తో పట్టుకుని పరుగు. జవాబు నా నోట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు చెప్తాను, ఇలా కూర్చోండి. పోస్టాఫీసు తలుపులు తియ్యడానికి ఇంకా టైముంది. పొద్దున్నే ఈ అరుగెక్కి ఎందుకు కూర్చున్నానంటారా? అది ఆఖర్న. ముందు సత్యరాజు సంగతి వినాలి.

సత్యరాజు అని అడిగితే శ్రీకాకుళంలో ఎవరూ ఇల్లు చూపించరు. పుస్తకాల సత్యరాజు అంటే మటుకు రిక్షావాడు కూడా "ఆ పొట్టి మనిసేనా బాబూ, సైకిలెనకాల రేకుపెట్టి కట్టుకుని ఎల్తాడు" అని తిన్నగా గుమ్మంలో దింపుతాడు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. చర్చి మిషను వాళ్ళు అచ్చువేసే చిన్న చిన్న పుస్తకాలు ఆ రేకుపెట్టెలో సర్దుకుని నరసన్నపేట సంత, పొందూరు సంత, రాజాం సంత, అన్నీ సైకిలు మీదే తిరుగుతాడు. వంకాయల బుట్టకీ ఎండుచేపల గంపకీ మధ్య గోనెపట్టా పరిచి, పెట్టె మూత తెరిచి, ఒక పుస్తకం తీసి గొంతెత్తి చదవడం మొదలుపెడతాడు. చదవడమంటే అలా ఇలా కాదు. ముసలిదాని మాట ముసలి గొంతుతో, పిల్ల మాట పిల్ల గొంతుతో. గాలి వచ్చే చోట నిజంగా చొక్కా ఎగరేస్తాడు. బేరం మానేసి ఆడవాళ్ళు చుట్టూ మూగుతారు.

సరిగ్గా చివరి పేజీ దగ్గరికొచ్చేసరికి టక్కున మూసేస్తాడు.

"తరవాతేటయిందో పుస్తకంలో ఉన్నాది తల్లీ."

"ఓరి నీ ఇల్లు బంగారం గాను! సెప్పెయ్యి బాబూ, మాకు సదువొచ్చేటి?"

"మీ గుంటడు బడికెల్తన్నాడు కదా, ఆడు సదివి సెప్తాడు."

అదీ అతని పనితనం. చివరి పేజీ చూపించకుండా పుస్తకం అమ్మడం.

ఆ పుస్తకాల్లో బాగా పోయేది ఒకటుంది. పసుపు అట్ట, నాలుగు కాగితాల పుస్తకం. ఏటి ఒడ్డున ఒక పడవవాడు, వాడి పెళ్ళాం, ఒక కూతురు. కూతురికి జ్వరమొస్తే మందుకోసం తల్లి అవతలి ఒడ్డుకి వెళ్తుంది. ఏరు పొంగుతుంది. పిల్ల రోజూ సాయంత్రం రేవులో దీపం పెట్టి చూస్తూ కూర్చుంటుంది. ఆఖరి పేజీలో పడవ వస్తుంది, ఖాళీగా. కింద ఒక బొమ్మ. రేవు, దీపం, పిల్ల వీపు. ఆ బొమ్మ వేసిన మహానుభావుడెవరో గానీ మొహం వెయ్యలేదు. వేసినా అంత ఏడుపొచ్చేది కాదు.

ఇంతకీ సత్యరాజు భార్య వెంకటలక్ష్మికి క్షయ. వానల్లేక మిషను వాళ్ళు గోధుమరవ్వ పంచిన ఏడు, అరవై ఆరులో, మంచం పట్టింది. మంచం వీధి వసారాలో వేశారు. ఆవిడ గ్లాసు వేరు, కంచం వేరు. సత్యరాజు తల్లి గురమ్మ గడప మీద చెయ్యి అడ్డం పెట్టి మనవరాలికి చెప్పేసింది: ఇది దాటితే కాళ్ళిరగ్గొడతాను. పిల్ల పేరు లీలారాణి. గడపకి ఇవతల కూర్చునేది, అవతల తల్లి పడుకునేది. "ఏటి తిన్నావే?" అని తల్లి, "గంజన్నం, ఉప్పుసేప" అని పిల్ల. అంతే వాళ్ళ ముచ్చట. మళ్ళీ కాసేపటికి అదే ప్రశ్న. వేరే మాట మాట్లాడితే దగ్గు తెర అందుకునేది.

లీలారాణి మనసు ఎటువంటిదంటే, క్రిస్మసుకి ఇంట్లో కోడిని కోస్తే పిల్లకి జ్వరం వచ్చేసింది. జడుసుకుందన్నారు. గురమ్మ ఒక పక్క మోకాళ్ళేసి ప్రార్థన చేసింది, ఎందుకైనా మంచిదని ఇంకో పక్క ఎండుమిరపకాయలు దిగతుడిచి పొయ్యిలో పడేసింది. దేవుడికి కోపం రాలేదు, జ్వరం తగ్గింది. అప్పట్నించీ ఇంట్లో ఏం జరిగినా ముందొచ్చే మాట ఒకటే: "గుంట జడుసుకుంటాది."

అందుకే వెంకటలక్ష్మికి ఊపిరి అందని రోజున పిల్లని భోగాపురంలో పిన్ని ఇంటికి పంపించేశారు. తల్లి పోయింది. సాయంత్రానికల్లా సమాధుల తోటలో మట్టి ఇచ్చేశారు. మంచం నులక తగలబెట్టారు. పిల్ల తిరిగొచ్చేసరికి వసారా కడిగేసి, ఖాళీగా, తడిగా ఉంది.

"అమ్మేది మామ్మా?"

"ఇశాపట్నం ఎల్లినాదే. పెద్దాసుపత్రిలో ఉన్నాది. మందులిచ్చి బాగు సేసి పంపుతారు."

సత్యరాజు సైకిలు చెయిను సవరిస్తున్నాడు. తలెత్తలేదు. పేటంతా అదే మాట మీద నిలబడింది. ఆడుకునే పిల్లలకి సైతం తల్లులు నోటి మీద వేలేసి చూపించి భయపెట్టారు. మంచికే అనుకోండి. ఎవరికీ చెడ్డ బుద్ధి లేదు, అదే ఇందులో పెద్ద కష్టం.

ఆ రాత్రి అన్నాలయ్యాక లీలారాణి రేకుపెట్టె మూత తనే ఎత్తి, వెతికి వెతికి పసుపు అట్ట పుస్తకం తీసుకొచ్చింది. అప్పటికి దానికి చదువు రాదు, బొమ్మ చూసి తెచ్చుకుంది.

"ఇది సదువు నాన్నా."

వద్దనలేకపోయాడు. చదివాడు. ఏరు పొంగింది, దీపం పెట్టింది. చివరి పేజీ తిప్పాడు. సంతలో అయితే మూసెయ్యొచ్చు. ఇక్కడ పక్కలో పిల్ల, మెడ ఎత్తి చూస్తోంది.

"తరవాతేటయింది?"

"తరవాత... పడవ రేవుకొచ్చినాది. అందులోంచి వాళ్ళమ్మ దిగినాది."

"ఏటి తెచ్చినాది?"

సత్యరాజు చెయ్యి జేబు మీదికి పోయింది. చొక్కా జేబులో నరసన్నపేట సంతలో కొన్న జీళ్ళ పొట్లం ఉంది.

"జీళ్ళు తెచ్చినాది" అని తీసి చేతిలో పెట్టాడు.

పిల్ల పొట్లం విప్పలేదు. అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇయ్యి మాయమ్మ పంపినాదేటి?"

సత్యరాజు కాదనేవాడే. ఒట్టేసి చెప్తాడు ఇప్పటికీ, కాదనేవాడినేనని. ఈలోపు వంటింట్లోంచి గురమ్మ కేకేసింది: "మరెవులు పంపుతారే!"

అక్కడ పడింది ముడి. ఆ తరవాత ప్రతి సంతకీ అదే తంతు. పుస్తకంలో పడవవాడి పెళ్ళాం దిగడం, ఏదో ఒకటి తేవడం, అది సత్యరాజు జేబులోంచి రావడం. ఒకసారి మరమరాల ఉండలు, ఒకసారి తాటిబెల్లం, ఒకసారి రేగొడియాలు. పెట్టెలో ఉన్న ఏడుపు పుస్తకాలన్నీ అలాగే బాగుపడిపోయాయి. తోడేలు నోట్లో పడ్డ మేకపిల్ల తిరిగొచ్చింది. కళ్ళు పోయిన తాతకి చూపొచ్చింది. అతను చదివితే నిజంగా అలాగే ఉందనిపించేది, ఆ గొంతుకి అంత బలం. పిల్ల ఉండలన్నీ తినేది కాదు. సగం తలగడ కింద దాచేది, అమ్మ వచ్చాక చూపించాలని. చీమలు పట్టేవి. గురమ్మ దులుపుకుంటూ తిట్టుకుంటూ, మళ్ళీ ఏమీ ఎరగనట్టు తలగడ అక్కడే పెట్టేది.

ఒక మాట మాత్రం చెప్పాలి. పిల్లలకి చదువొస్తుందని పెద్దవాళ్ళు మర్చిపోతారు. బడికి పంపేదీ మనమే, మర్చిపోయేదీ మనమే!

లీలారాణికి రెండో తరగతిలో సుభద్రమ్మ పంతులమ్మ చెప్పేది. పలక మీద అక్షరం దిద్దించడంలో ఆవిడకి సాటి లేదు. దీపావళి సెలవులు అయ్యేసరికి పిల్ల వాచకం కూడబలుక్కుని చదివేస్తోంది. ఒక సాయంత్రం సత్యరాజు రాజాం నించి ఇంకా రాలేదు. పిల్ల మామ్మ పక్కన చేరింది, పసుపు అట్ట పుస్తకం తెచ్చుకుని. గురమ్మకి అక్షరం ముక్క రాదు. బియ్యంలో రాళ్ళేరుతోంది.

"ప...డ...వ. ఖా...ళీ...గా. వ...చ్చిం...ది."

గురమ్మ చెయ్యి ఆగింది.

"మళ్ళీ సదువు."

మళ్ళీ చదివింది. ఈసారి ఇంకొంచెం జోరుగా.

"నీ మొకం! సరిగ్గా సదవడం రాదు నీకు. మీ నాన్న ఎలాగ సదివినాడు? వాళ్ళమ్మ దిగినాది అనలేదేటి?"

"ఇక్కడ అలాగ నేదు మామ్మా. సూడు, ఇది 'ఖా', ఇది 'ళీ'."

"మీ నాన్న సిన్నప్పట్నించీ సదువుతన్నాడు. నువ్వు నిన్న కాక మొన్న పలక పట్టినావు. ఎవులిది తప్పు?"

పిల్ల ఆ అక్షరాల మీద మళ్ళీ వేలు పెట్టి చూసింది. తరవాత పుస్తకం మూసేసి "నాదే" అంది.

ఆ మాట గురమ్మే తరవాత కొడుక్కి చెప్పింది, తను గెలిచినట్టు నవ్వుతూ. సత్యరాజు మొహం చూసి నవ్వు ఆపేసింది.

వారం తిరక్కుండా సుభద్రమ్మ ఇంటికొచ్చింది. కొంగుతో మెడ తుడుచుకుంటూ అరుగు మీద కూలబడింది.

"సత్యరాజూ, నీ కూతురికి ఏమైందయ్యా? మొన్నటిదాకా గడగడా చదివింది. ఇప్పుడు నోరు విప్పదు. విప్పితే ఉన్నది చదవదు. 'కుండ పగిలింది' అని ఉంటే 'కుండ బాగుంది' అంటది. 'కుక్క కరిచింది' అని ఉంటే 'కుక్క నవ్వింది' అంటది. క్లాసంతా ఘొల్లున నవ్వు. ఎందుకే అలా చదివావంటే ఏమందో తెలుసా? 'నా కళ్ళకి అచ్చరాలు తప్పుగా కనపడతన్నాయి టీచరమ్మా' అంది."

సత్యరాజు ఇంట్లో చూస్తూనే ఉన్నాడు. అప్పటికే పిల్ల అన్నం సగం కంచంలో వదిలేస్తోంది. రాత్రిళ్ళు పక్క తడుపుతోంది. పలక కనబడితే చేతులు వెనక్కి పెట్టుకుంటోంది. అతను అమ్మేవి పుస్తకాలు. అతని కూతురు అక్షరాన్ని చూసి భయపడుతోంది.

సరిగ్గా అప్పుడే సంఘం పెద్ద జ్ఞానానందం గారు ఆ దారినే పోతూ ఆగారు. ఇంక చూడండి, పంచాయతీ మొదలైంది.

"ఈ ఏడుపు పుస్తకాలే దరిద్రం" అంది గురమ్మ. "సావులూ, ఖాళీ పడవలూ! పడుకోబోయే గుంటకి ఏటిరా ఇయ్యన్నీ? పెట్టికి తాళమెయ్యి. రేపట్నించి సదవొద్దు, అంతే."

"ఆవిడ చెప్పింది నిజం" అంది సుభద్రమ్మ. "కొంతమంది పిల్లలుంటారు, ఏం చదివినా తట్టుకుంటారు. ఇది అలాటిది కాదు. కాకీ, నక్కా, రొట్టెముక్కా, అలాటివి చదువు."

జ్ఞానానందం గారు గొంతు సవరించుకున్నారు. "కన్నీటి కథల వల్లనే హృదయము మెత్తబడును."

"దానిది ఇప్పటికే ఎన్నపూస బాబూ. ఇంకా ఏటి మెత్తబడతాది, కారిపోతాది!" అంది గురమ్మ.

సత్యరాజు మనసులో లెక్క వేసుకున్నాడు. పుస్తకాలు ఆపెయ్యడం తేలిక. కానీ ఆపేస్తే పిల్ల కళ్ళే తప్పని ఖాయమైపోతుంది కదా. మార్చకుండా చదివితే? ఖాళీ పడవ చూసిన పిల్ల తిన్నగా వసారా వైపు చూస్తుంది. కోడి చచ్చిపోతే జ్వరం వచ్చిన పిల్ల. రెండు వైపులా గొయ్యే.

మర్నాడు పొందూరు సంతలో దాలమ్మ అని ఒకావిడ, కూరగాయల గంపావిడ, పసుపు అట్ట కథ విని పుస్తకం అడిగింది. కోడలు పోయిందట, మనవడికని.

"మీ గుంటడు ఏడుస్తాడు తల్లీ" అన్నాడు సత్యరాజు. అమ్ముకునేవాడు అలాగంటాడా? అన్నాడు మరి. "ఇంకోటి తీసుకో, నక్క కథ."

దాలమ్మ నడుం మీద చెయ్యేసుకుని ఎగాదిగా చూసింది. "ఏడుపేటి నీ ఒక్కడి సొమ్మేటి? నా సిన్నప్పుడు మాయమ్మ సచ్చిపోతే అమ్మమ్మోరింటికి ఎల్లినాదన్నారు. ఈదరుగు మీద కూకుని సూసినాను, సూసినాను. ఒకనాడు నీళ్ళకెల్తే బావి కాడ ఒకర్తి నవ్వుతా సెప్పినాది. నవ్వుతా సెప్పినాది బాబూ! ఇంట్లోవోళ్ళు ఏడుస్తా సెప్పుంటే ఎంత బాగుణ్ణో." పుస్తకం లాక్కుంది. "ఆ ఆకరి కాయితం మళ్ళీ సదువు. గుంటడికి నానే సెప్పాల, గుర్తెట్టుకోవాల."

సత్యరాజు చదివాడు. ఉన్నది ఉన్నట్టు, చివరిదాకా. సంతలో ఆ పేజీ అతను గొంతెత్తి చదవడం అదే మొదలు.

ఆ సాయంత్రం జేబులో ఏమీ లేకుండా ఇంటికొచ్చాడు. దీపం పెట్టే వేళకే చాప పరిచి పిల్లని పిలిచాడు. గురమ్మకి కొడుకు వాలకం అర్థమైపోయింది. "ఒరే, వొద్దురా. సచ్చిపోతాది గుంట" అంది గుమ్మంలో నిలబడి. అతను వినలేదు.

"లీలా, ఈయాల నువ్వు సదువు. నాను ఇంటాను."

"నాకు రాదు."

"వొచ్చినట్టే సదువు."

పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది. అతను ఆ చేతిని ముందుకి తెచ్చి, వేలు పట్టుకుని, చివరి పేజీలో మొదటి అక్షరం మీద పెట్టాడు. పిల్ల తండ్రి మొహం చూసింది, అక్షరం చూసింది. "పడవ..." అని ఆగి, "నిండా వొచ్చినాది" అంది.

"అలాగ నేదమ్మా అక్కడ."

పిల్ల వేలు మళ్ళీ మొదటి అక్షరం మీదికి వచ్చింది. ఎవరో కొడతారన్నట్టు తల వంచుకుని, "పడవ ఖాళీగా వచ్చింది" అని చదివింది.

"సరిగ్గా సదివినావు" అన్నాడు సత్యరాజు. "ఎప్పుడూ సరిగ్గానే సదివినావు. నీ కళ్ళు మంచియ్యే. నానే తప్పు సదివినాను."

చెప్తే నమ్మరు. పిల్ల మొదట ఏడవలేదు. మొహం ఒక్కసారి వెలిగింది. "నాను సెప్పలేదేటి మామ్మా! 'ఖా'యే, అది 'ఖా'యే!" అని గుమ్మం వైపు తిరిగి అరిచింది. గురమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు పిల్ల మామ్మ వైపు చూసి, తండ్రి వైపు చూసి, ఖాళీ వసారా వైపు చూసింది. వెలుగు ఎలా వచ్చిందో అలాగే పోయింది.

"మరి మాయమ్మ?"

"సచ్చిపోనాదమ్మా. నువ్వు బోగాపురంలో ఉన్నప్పుడు."

"జీళ్ళు?"

"నానే కొన్నాను."

"బెల్లం?"

"నానే."

"రేగొడియాలు?"

ఒక్కొక్కటీ అడిగింది. ఏదీ మర్చిపోలేదు. ఒక్కొక్కదానికీ అతను నానే, నానే అంటూ పోయాడు. అన్నీ అయ్యాక లేచి, తలగడ కింద దాచుకున్నవి తీసి, చీమలతో సహా పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి బూడిదలో పోసేసింది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు విని పేటలో తలుపులు తెరుచుకున్నాయి గానీ లోపలికి ఎవరూ రాలేదు. ఏ మొహం పెట్టుకుని వస్తారు? అందరూ తెలిసి ఉన్నవాళ్ళే.

పొద్దున్నే పిల్లని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని సమాధుల తోటకి తీసుకెళ్ళాడు. మా వాళ్ళకి ఈస్టరుకి సమాధులకి సున్నం వెయ్యడం ఆనవాయితీ. వానలకి కాస్త వెలిసినా అన్నీ ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఒక్కటి మటుకు మట్టి కుంగిపోయి, పల్లేరుకాయలు మొలిచి, ఇక్కడ మనిషుందని తెలియకుండా ఉంది. పిల్లకి తెలిసిపోతుందని ఆ ఏడు ఎవరూ అటు రాలేదు, సున్నం వెయ్యలేదు.

"అన్నిటికీ యేసినారు. మాయమ్మకి ఎయ్యనేదేటి?" అంది లీలారాణి.

సత్యరాజు సైకిలు పక్కన పడేశాడు.  పల్లేరుకాయలు గుచ్చుకుంటుంటే చేత్తోనే పీకుతూ కూర్చున్నాడు.

ఇక్కడితో బాగుపడిపోయిందని చెప్పి మిమ్మల్ని సాగనంపొచ్చు. అది సత్యరాజు పాత పద్ధతి అవుతుంది. పిల్లకి ఆ వారమంతా జ్వరం. గురమ్మతో ఆ చలికాలమంతా మాట్లాడలేదు. ముసలమ్మ కంచంలో అన్నం పెడితే తీసుకునేది, నోరు మటుకు విప్పేది కాదు. గురమ్మ సగమైపోయింది. "దాన్ని కాపాడదామనుకున్నానురా" అని కొడుకు దగ్గర ఏడ్చేది. జీళ్ళంటే లీలారాణికి ఇప్పటికీ కిట్టదు. సత్యరాజు కథ చదువుతుంటే పక్కన కూర్చుని వేలుతో అక్షరాల వెంట నడిచేది, ఎక్కడ దారి తప్పుతాడో అని. తండ్రి మాటకి కాపలా కాయడం పిల్లకీ శిక్షే, తండ్రికీ శిక్షే.

బడిలో మటుకు కుండ మళ్ళీ పగిలింది, కుక్క మళ్ళీ కరిచింది. సుభద్రమ్మ ఆ రోజు బెల్లం ముక్క పెట్టబోయి, గుర్తొచ్చి, పలకబలపం ఇచ్చింది.

మామ్మతో మాట కలిసిన నాడు లీలారాణి తండ్రిని ఒకటే అడిగింది: "ఇంక ఎవులు సచ్చిపోనా నాకు ముందు సెప్పాల. దాయకూడదు. సెప్తావా?" అతను సరేనన్నాడు. బైబిలు తెచ్చి చెయ్యి పెట్టమంది, పెట్టాడు.

అది జరిగింది అరవై ఎనిమిది మొదట్లో. పోయినేడాది పిల్లని విజయనగరంలో బోర్డింగు బడిలో వేశారు. బాగా చదువుతోంది. ఉన్నది ఉన్నట్టు.

నిన్న మీరు చెప్పులు పట్టుకుని పరిగెత్తారే, ఆ వాన వెలిసిన వేళకి గురమ్మ పోయింది. పాపం, ఊపిరి పోయేముందు కూడా "గుంటకి సెప్పకండ్రా, జడుసుకుంటాది" అనే అందట. సత్యరాజు శవం దగ్గర కూర్చుని ఉండగా జ్ఞానానందం గారు, మంచి మనిషే, సాయం చేద్దామని తనే పోయి బోర్డింగుకి తంతి ఇచ్చేశారు: మామ్మకి సీరియస్, వెంటనే బయలుదేరు. ఆ మాటకి అర్థం మన పెద్దవాళ్ళందరికీ తెలుసు. అలా రాయడమే మర్యాద అనుకుంటాం. పిల్లకి తెలీదు.

తెల్లారగట్ల సంగతి తెలిసి సత్యరాజు విజయనగరం మొదటి బస్సుకి పరిగెడుతూ నా తలుపు కొట్టాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మాస్టారూ, తంతి నాకంటే ముందు దాని సేతిలో పడిపోతాది. బతికున్నాది గావాల అనుకుని బస్సంతా ప్రార్థన సేస్తా కూకుంటాది. ఇక్కడికొచ్చి సూస్తే... మళ్ళీ నానే అబద్దం సెప్పినట్టయిపోతాది. ఆ కాయితం ఆపించండి బాబూ."

"బోర్డింగు వాళ్ళకి ఏం చెప్పమంటావురా?"

"నానొస్తన్నానని సెప్పండి. నా నోటితోనే సెప్తాను. ఈలోగా అదే అడిగితే..." ఆ పొడుగు గొంతు అలా తెగిపోవడం నేనెన్నడూ వినలేదు. "అడిగితే మటుకు మార్చొద్దని సెప్పండి."

అదండీ సంగతి. ఏడుపు పుస్తకం మీ అమ్మాయికి సరిపడుతుందో లేదో నేను తేల్చి చెప్పలేను. చదివితే పక్కనే కూర్చోండి, చివరి పేజీ మార్చకండి. అంతవరకే నాకు తెలుసు.

అదిగో, లోపల తాళాలు చప్పుడవుతున్నాయి. తంతి పట్టుకుని విజయనగరంలో బంట్రోతు సైకిలెక్కేలోపు నేను అర్జెంటు ట్రంకాలు బుక్ చెయ్యాలి. ఫోను లైను దొరకాలి, బోర్డింగు అమ్మగారు పలకాలి. దొరికితే ముందుగా అనబోయేది ఇదే: అమ్మా, ఒక కాగితం వస్తుంది, దాన్ని లీలారాణికి ఇవ్వకండి, అందులో రాసింది నిజం కాదు.